సైకాలజీ రికార్డు సరే, లెక్క ఎవరు చేశారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పరీక్షల సీజన్ వచ్చిందంటే మీ పేపర్లో, ఆ మాటకొస్తే అన్ని పేపర్లలోనూ, ఒక రకం వార్త తప్పకుండా కనిపిస్తుంది. విద్యార్థుల్లో ఇంత శాతం మందికి ఒత్తిడి, ఇంత శాతం మందికి నిద్ర పట్టడం లేదు, ఫలానా సర్వేలో తేలింది అని. ఎంతమందిని అడిగారు, వాళ్లని ఎలా ఎంచుకున్నారు, ఏమని అడిగారు అన్నది మాత్రం ఎక్కడో తప్ప ఉండదు. నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను కాబట్టి అలాంటి వార్త దొరికితే క్లాసుకి పట్టుకెళ్తాను. పిల్లలు చదివి 'అమ్మో, ఇంతమందా' అంటారు తప్ప 'ఎంతమందిని అడిగారు సార్' అనేవాళ్లు ఒకరో ఇద్దరో. వాళ్లని అని లాభం లేదు. డేటా అనేదాన్ని వాళ్ల చేత మేం ఒక్కసారైనా సేకరింపజేసి, కంప్యూటర్లో వేయించి, సగటు తీయించి, గ్రాఫ్ గీయించకపోతే ఆ ప్రశ్న వాళ్లకి తట్టమంటే ఎలా తడుతుంది?

ఈ ఉత్తరం దాని గురించే. సైకాలజీలో చేరిన మొదటి ఏడాదిలోనే, పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్ మీద, పిల్లలు తాము పోగేసిన డేటాని తామే విశ్లేషించడం నేర్పాలి, ప్రాక్టికల్ పరీక్షలో దానికి మార్కులు ఉండాలి. ఇంతే నా మాట. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, చోటు చాలకపోతే కత్తిరించుకోండి, కానీ కార్డుల ముచ్చట మాత్రం ఉంచండి.

సైకాలజీ అంటే మనసు విప్పి మాట్లాడుకునే సబ్జెక్టు అని బయట చాలామంది అనుకుంటారు. చేరే పిల్లలూ అలా అనుకునే చేరతారు. లెక్కలంటే పడక ఇంటర్లో హెచ్‌ఈసీ, సీఈసీ తీసుకున్నవాళ్లే మా క్లాసుల్లో ఎక్కువ. తీరా చేరాక సగటు, మధ్యగతం, ఎస్‌డీ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది), సహసంబంధం (రెండు కొలతలు ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చెప్పేది), టీ-టెస్ట్ (రెండు గ్రూపుల సగటుల మధ్య తేడాని పరీక్షించేది) అంటూ స్టాటిస్టిక్స్ ఎదురొస్తుంది, టెన్షన్ అక్కడ మొదలవుతుంది. మేం చెప్పే పద్ధతి ఆ టెన్షన్‌ని తగ్గించేదేమీ కాదు. బోర్డు నిండా తరగతి అంతరాలు, పౌనఃపున్యాలు, ఒక సగటు ఊహించుకుని దాని నుంచి తేడాలు కట్టే షార్ట్‌కట్ పద్ధతి. చేత్తో లెక్కలు కట్టే రోజుల్లో శ్రమ తగ్గించుకోవడానికి పెట్టుకున్న అడ్డదారి అది. ఇప్పుడు ఆ శ్రమ లేదు, అడ్డదారి మాత్రం పరీక్షలో ప్రశ్నగా మిగిలిపోయింది. ఆ లెక్క తప్పు లేకుండా చేసిన అమ్మాయిని 'ఎస్‌డీ 2 వచ్చింది, ఇంకో క్లాసుకి 9 వచ్చింది, ఈ రెండు క్లాసులకీ తేడా ఏంటమ్మా' అని అడిగితే నోట మాట రాదు.

ప్రాక్టికల్స్ సంగతి ఇంకా విచిత్రం. ముల్లర్-లయర్ భ్రమ అని ఒక ప్రయోగం ఉంది, సైకాలజీ చదివిన ప్రతివాళ్లకీ తెలుసు. రెండు గీతలు, ఒకదాని చివర్ల గుర్తులు లోపలికి ముడుచుకుని, ఇంకోదాని చివర్ల బయటికి విచ్చుకుని ఉంటాయి. పొడవు సమానమే అయినా విచ్చుకున్నది పొడుగ్గా కనిపిస్తుంది. 1889 నుంచి ఉన్న బొమ్మ ఇది. ల్యాబ్‌లో జరిపే పట్టీ ఒకటి ఉంటుంది, రెండూ సమానం అనిపించిన చోట ఆపమంటాం, వెనక స్కేలు మీద ఎన్ని మిల్లీమీటర్లు తేడా వచ్చిందో రాసుకుంటాం. ఒక్క మనిషి మీద కొన్నిసార్లు చేసి, సగటు కట్టి, 'సబ్జెక్టుకు (అంటే ప్రయోగంలో కూర్చున్న మనిషికి) భ్రమ కలిగినట్లు తేలింది' అని రాసి సంతకానికి తెస్తారు. నలభై మంది క్లాసులో నలభై రికార్డులుంటాయి, నలభై అంకెలుంటాయి, ఆ నలభై అంకెలూ ఒక్కచోటికి మాత్రం ఎప్పుడూ రావు. సీనియర్ రికార్డు చేతికి దొరికితే ఆ అంకె కూడా అందులోదే.

అవే నలభై అంకెలు ఒక షీట్‌లో ఒక కాలమ్‌గా పోసి హిస్టోగ్రామ్ (ఏ అంకె దగ్గర ఎంతమంది ఉన్నారో చూపే గ్రాఫ్) నొక్కించండి, క్లాసు మారిపోతుంది. ఎక్కువమంది ఒక చోట గుమిగూడి ఉంటారు, కొందరు అటు, కొందరు ఇటు. 'అంటే అందరికీ ఒకేలా కనిపించదా సార్' అని అడుగుతారు, అది సైకాలజీలో అసలు ప్రశ్న. మందికి దూరంగా 1.8 దగ్గర ఒంటరి గీత ఒకటి నిలబడి ఉంటుంది. ఎవరిదా అని చూస్తే ఒకబ్బాయి మిల్లీమీటర్లకి బదులు సెంటీమీటర్లలో రాశాడు. సగటు ఒక్కటే తీసుకుని ఉంటే ఆ తప్పు లోపలే కలిసిపోయి ఉండేది. డేటాని లెక్కకట్టే ముందు కళ్లతో చూడాలని నేను ఎన్ని లెక్చర్లు ఇచ్చినా ఎక్కనిది, ఆ ఒంటరి గీత ఒక్క నిమిషంలో ఎక్కిస్తుంది. దీన్ని గణాంకవేత్త ఆన్‌స్కోంబ్ 1973లోనే నాలుగు చిన్న పట్టికలతో చూపించాడు. నాలుగింటికీ సగటులు ఒకటే, సహసంబంధం దాదాపు 0.816. గ్రాఫ్ గీస్తే మాత్రం ఒకటి మామూలుగా చెదిరిన చుక్కలు, ఒకటి వంపు తిరిగిన గీత, ఒకదానిలో ఒకే ఒక్క చుక్క గీతనంతా తనవైపు లాగేస్తుంది, నాలుగోదానిలో చుక్కలన్నీ నిట్టనిలువుగా ఉంటే దూరంగా ఉన్న ఒక్క చుక్క వల్ల సహసంబంధం పుట్టుకొచ్చింది. పదకొండేసి చుక్కలు, పావుగంటలో టైపు చేసి చూడొచ్చు.

ఇదేదీ చూడకుండా పిల్లలు పీజీ దాకా వెళ్లిపోతారు. అక్కడ ప్రాజెక్టు చేయాలి, డేటా అనాలిసిస్ లేకుండా కుదరదు. యూనివర్సిటీల చుట్టుపక్కల జిరాక్స్ షాపుల గోడల మీద 'ప్రాజెక్టులకు డేటా అనాలిసిస్ చేయబడును' అన్న కాగితాలు చూసే ఉంటారు. ఎక్సెల్ షీట్ వాట్సాప్‌లో పంపితే చాలు, రెండు రోజుల్లో పట్టికలు, వాటి కింద ఇంగ్లిష్‌లో వ్యాఖ్యానం, అన్నీ బైండింగ్‌తో సహా వస్తాయి. ఒక వైవాలో నేను కూర్చున్నప్పుడు పట్టికలో డీఎఫ్ (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) 58 అని ఉంది. 'ఈ 58 ఎక్కడిదమ్మా' అని అడిగాను. 'సాఫ్ట్‌వేర్ ఇచ్చింది సార్' అంది. ముప్ఫై మంది అబ్బాయిలు, ముప్ఫై మంది అమ్మాయిలు, మొత్తం అరవై, రెండు గ్రూపులు కాబట్టి రెండు తీసేస్తే 58. ఆ అరవై మంది ఇళ్లకీ హాస్టళ్లకీ ఎండలో తిరిగి ప్రశ్నపత్రాలు నింపించుకొచ్చింది ఆ పిల్లే. సొంత కష్టం సొంత పట్టికలో ఏ అంకెగా మారిందో తెలియకుండా పోయింది. అదే పట్టికలో సిగ్ అన్న కాలమ్ (పీ-వాల్యూ, అంటే అసలు తేడా ఏమీ లేకపోయినా ఇంత తేడా గానీ ఇంకా ఎక్కువ గానీ అదృష్టం మీద వచ్చే సంభావ్యత) కింద .000 అని ఉంటే, కింద 'సంభావ్యత సున్నా' అని రాసి ఉంది. సున్నా కాదు, మూడు దశాంశాల దాకానే చూపిస్తోంది కాబట్టి అలా కనిపిస్తోంది, 0.001 కన్నా తక్కువ అని రాయాలి. ఈమధ్య వెర్షన్లలో సాఫ్ట్‌వేరే అలా చూపిస్తోంది, కానీ షాపుల్లో నడిచేవి పాత వెర్షన్లు, అవి కూడా క్రాక్ చేసినవి.

ఆ సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్. 1968లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో నార్మన్ నై, డేల్ బెంట్, హాడ్లై హల్ అనే ముగ్గురు సామాజిక శాస్త్రాల వాళ్ల కోసమే తయారుచేశారు, 2009లో ఐబీఎం కొనేసింది. మంచి సాఫ్ట్‌వేరే, కాదనను. కానీ లైసెన్స్ కొని మొదటి ఏడాది పిల్లల ల్యాబ్‌లో పెట్టే స్తోమత మామూలు డిగ్రీ కాలేజీకి ఎక్కడిది? కొన్నాళ్ల ట్రయల్ అయిపోగానే ఎవరో టెలిగ్రామ్‌లో క్రాక్ ఫైలు పంపిస్తారు, దానితోపాటు వైరస్ వస్తుంది, కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జి సైకాలజీ వాళ్లని మళ్లీ గడప తొక్కనివ్వడు.

ఇంత అవస్థ అక్కర్లేదు. జమోవి, జాస్ప్ అని రెండున్నాయి, రెండూ పూర్తిగా ఉచితం. జాస్ప్ నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో సైకాలజీ వాళ్లు మొదలుపెట్టింది. అందులో పనిచేసిన కొందరు బయటికొచ్చి 2017లో జమోవి తెచ్చారు. లోపల లెక్కలు చేసేది ఆర్ అనే భాష, ప్రపంచమంతా స్టాటిస్టిక్స్ వాళ్లు వాడేదే, కానీ పిల్లలు ఒక్క లైను కోడ్ రాయక్కర్లేదు. ఎడమవైపు డేటా, కుడివైపు ఫలితం, మధ్యలో టిక్కులు పెట్టే పెట్టెలు. డేటాలో అంకె మారిస్తే ఫలితం అక్కడికక్కడే మారుతుంది. ఆ 1.8ని 18 చేయగానే సగటు కదలడం కళ్ల ముందు కనిపిస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్ ఫైళ్లు కూడా తెరుచుకుంటాయి కాబట్టి రేపు పీజీలో అది ఎదురైనా కొత్తగా ఏమీ ఉండదు. అచ్చం ఎస్‌పీఎస్‌ఎస్ మొహమే కావాలంటే పీఎస్‌పీపీ అని ఇంకో ఉచితమైనది ఉంది, చూడ్డానికి పాతకాలంగా ఉంటుంది గానీ పని చేస్తుంది. నా ఓటు జమోవికి.

సాఫ్ట్‌వేర్ అడ్డం కాదు, అసలు నేర్చుకోవాల్సిందంతా టీ-టెస్ట్ బటన్ నొక్కడానికి ముందే ఉంది. పిల్లలు గూగుల్ ఫామ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో వదులుతారు. వచ్చిన షీట్‌లో వయసు కాలమ్ ఒక్కటి చూడండి చాలు: 20, 20 ఇయర్స్, ట్వంటీ అని అక్షరాల్లో, ఇంకొకరు పుట్టిన సంవత్సరం, ఇంకొకరు పుట్టినరోజు తారీఖుతో సహా. దాన్ని అలాగే తీసుకెళ్లి సాఫ్ట్‌వేర్‌లో పోస్తే అది అంకెల కాలమ్ కాదు, మాటల కాలమ్ అనుకుంటుంది, సగటు అడిగితే ఇవ్వదు. పిల్లలు 'సార్, సాఫ్ట్‌వేర్ పని చేయట్లేదు' అంటారు. బాగానే పని చేస్తోంది నాయనా, నువ్వు అడిగిన తీరే బాగాలేదు, 'మీ వయసు సంవత్సరాల్లో, అంకెల్లో మాత్రమే' అని ఫామ్‌లోనే కట్టడి చేయాల్సింది. ఇది ఏ పుస్తకంలో చదివినా బుర్రకెక్కదు, ఆ కాలమ్ని కూర్చుని బాగుచేసినవాళ్లకే తెలుస్తుంది.

ఇంకోటి. అబ్బాయికి 1, అమ్మాయికి 2 అని కోడ్ ఇచ్చి సగటు అడిగితే ఎస్‌పీఎస్‌ఎస్ నోరెత్తకుండా 1.43 అని ఇచ్చేస్తుంది. జవాబు ఇవ్వని వాళ్లకి 99 అని వేసి, అది ఖాళీ అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పడం మర్చిపోతే, క్లాసులో ఇద్దరు తొంభై తొమ్మిదేళ్ల వృద్ధులు చేరిపోయి సగటు వయసు పైకి పోతుంది. ఫామ్‌లో వచ్చిన ఈమెయిల్ కాలమ్ తీసేయకుండానే షీట్‌ని పది మందికీ ఫార్వర్డ్ చేస్తారు, ఎవరికి ఎంత ఆత్మన్యూనత ఉందో పేరుతో సహా గ్రూపులో తిరుగుతుంది. మొదటి రోజు నేర్పాల్సింది ఆ కాలమ్ డిలీట్ చేయడం.

ఆత్మగౌరవాన్ని కొలిచే రోజెన్‌బర్గ్ స్కేలు మన పిల్లలకి బాగా పరిచయం, 1965 నాటిది, పది వాక్యాలే కాబట్టి అందరూ దాని మీద పడతారు. పదింటిలో అయిదు వాక్యాలు నా మీద నాకు తృప్తి ఉంది అన్న తరహావి, అయిదు నేనెందుకూ పనికిరాననిపిస్తుంది అన్న తరహావి. రెండో రకం వాక్యాలకి మార్కులు తిరగేయాలి, 4 ఉన్న చోట 1, 3 ఉన్న చోట 2. తిరగేయకుండా పది కూడేస్తే ఏమవుతుంది? తన మీద తనకి బాగా నమ్మకమున్న పిల్లకీ, అసలు లేని పిల్లకీ ఒకే మొత్తం వస్తుంది. క్లాసంతా మధ్యలో గుమిగూడి, 'విద్యార్థుల్లో ఆత్మగౌరవం ఓ మోస్తరుగా ఉంది' అని ప్రాజెక్టు తేలుస్తుంది. ఇలాంటి ముగింపులు నేను బోలెడు చదివాను, ప్రతిసారీ నా మొదటి అనుమానం ఆ అయిదు వాక్యాల మీదే. జమోవిలో గానీ జాస్ప్‌లో గానీ విశ్వసనీయత చూసే చోట క్రోన్‌బాక్ ఆల్ఫా (వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె) అడిగితే, ఆ వాక్యాలు తిరగేయకపోతే ఆల్ఫా ఘోరంగా పడిపోతుంది, ఒక్కోసారి మైనస్‌లోకి వెళ్తుంది, ఫలానా వాక్యాలు మిగతావాటికి ఎదురు నడుస్తున్నాయని కింద నోటు కూడా వస్తుంది. షాపువాడు ఆ నోటు చదవడు, వాడికి సైకాలజీతో పనిలేదు.

ఇప్పుడు కార్డుల ముచ్చట. 1967లో కె. రామకృష్ణారావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ (అతీంద్రియ శక్తుల మీద పరిశోధన) శాఖ పెట్టారు. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన మనిషి ఆయన. కార్డు చూడకుండానే అందులో ఏముందో చెప్పగలరా అన్నది రైన్ వాళ్ల ప్రయోగం. ఇరవై అయిదు కార్డులు, వాటి మీద అయిదు గుర్తులు: వృత్తం, ప్లస్, అలలు, చతురస్రం, నక్షత్రం. అతీంద్రియ శక్తులు ఉన్నాయా లేవా అన్న గొడవలోకి నేను పోను (నాకు నమ్మకం లేదు, అది వేరే సంగతి), కానీ పీ-వాల్యూ అంటే ఏంటో చెప్పడానికి ఇంతకు మించిన ప్రయోగం నాకు కనపడలేదు. అట్ట ముక్కల మీద స్కెచ్ పెన్నుతో గీసుకుంటే సరిపోతుంది, ఖర్చు లేదు.

ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టండి. ప్రతిసారీ బాగా కలిపి ఒక ముక్క తీయాలి, ఎదుటివాడు గుర్తు చెప్పాలి, ఇలా ఇరవై అయిదు సార్లు. గుడ్డిగా చెప్పినా అయిదింట ఒకటి తగులుతుంది కాబట్టి సగటున 5 రావాలి. అరవై మంది క్లాసులో ఎవరికో ఒకరికి 9 వస్తాయి, ఇక గోల గోల, 'వీడికి శక్తి ఉంది సార్'. సరే, లెక్క చూద్దాం అని జమోవిలో రెండు ఫలితాలకి వాడే బైనామియల్ టెస్ట్ తెరిపించండి. అక్కడ ముందుగానే 0.5 అని వేసి ఉంటుంది, అంటే బొమ్మా బొరుసా లెక్క. దాన్ని 0.2 చేయకపోతే అది 0.5తోనే పోల్చి ఏదో ఒక జవాబు ఇచ్చేస్తుంది, 'బాబూ, నీ ప్రయోగంలో అయిదు గుర్తులున్నాయి కదా' అని అడగదు. 0.2 చేశాక, 'అంతకన్నా ఎక్కువ' అన్న దానికి టిక్కు పెడితే పీ 0.047 వస్తుంది. 0.05 కన్నా తక్కువ, రూలు ప్రకారం సిగ్నిఫికెంట్, అంటే ఉత్త అదృష్టం అని కొట్టిపారేయలేనిది! క్లాసు చప్పట్లు కొడుతుంది. ఆ టిక్కు తీసి, ఎక్కువో తక్కువో ఏ వైపైనా సరే అన్న దానికి పెడితే అదే పిల్లాడు, అవే తొమ్మిది కార్డులు, పీ 0.074. ఇప్పుడు సిగ్నిఫికెంట్ కాదు. చప్పట్లు ఆగిపోతాయి. 'ఏది కరెక్ట్ సార్' అంటారు. ఏ టిక్కు పెట్టాలో ఫలితం చూడక ముందే రాసిపెట్టుకున్నది కరెక్ట్, చూశాక నచ్చింది ఎంచుకుంటే మోసం.

అక్కడితో ఆగకూడదు. అదృష్టం మీద 9 లేదా అంతకన్నా ఎక్కువ రావడానికి అవకాశం నూటికి దాదాపు 4.7 అయితే, అరవై మందిలో సగటున ముగ్గురికి దగ్గరగా ఏ శక్తీ లేకుండానే వస్తాయి. ఆ ముగ్గురి కథలే బయటికొస్తే, మిగతా యాభై ఏడు మంది సంగతి ఎవరూ రాయకపోతే? 9 వచ్చినవాళ్లని మళ్లీ కూర్చోబెట్టండి, ఈసారి నాలుగో అయిదో ఆరో వస్తాయి, వాళ్ల మొహాలు చూడాలి. సైకాలజీ ప్రపంచానికి తగిలిన పెద్ద దెబ్బ కూడా సరిగ్గా ఇదే. 2015లో సైన్స్ పత్రికలో వచ్చింది: పేరున్న పత్రికల్లో అచ్చయిన వంద సైకాలజీ అధ్యయనాలని మళ్లీ చేసి చూస్తే, మొదట వాటిలో 97 శాతం సిగ్నిఫికెంట్ అని చెప్పినవి కాస్తా రెండోసారికి 36 శాతానికి పడిపోయాయి. మళ్లీ చేసి చూడడం అనే మాట మా సిలబస్‌లో నిర్వచనంగా ఉంటుంది, నాలుగు మార్కులు. అట్ట ముక్కలు పట్టుకున్న పిల్లలకి నిర్వచనం అక్కర్లేదు.

నాకు ఎదురయ్యే అభ్యంతరాలు కూడా చెప్తాను. చేత్తో చేయకపోతే లెక్క అర్థం కాదు అని పెద్ద లెక్చరర్లు అంటారు. సగం ఒప్పుకుంటాను. అయిదు అంకెలు ఇచ్చి ఎస్‌డీ ఒక్కసారి చేత్తో కట్టించాలి, ప్రతి అంకె సగటుకి ఎంత దూరంలో ఉందో వేలు పెట్టి చూపించాలి. ఆ ఒక్కసారి తర్వాత మెషీన్‌కి వదిలేయండి. యాభై అంకెల తరగతి అంతరాలు కట్టించడం వల్ల పిల్లలకి వచ్చేది కూడికల్లో విసుగు. ల్యాబ్ లేదంటారు, అది నిజమే, కంప్యూటర్లు బీకాం, బీసీఏ వాళ్ల టైంటేబుల్‌కే చాలవు. కానీ మాకు రోజూ అక్కర్లేదు, వారానికి ఒక పూట, నలుగురికి ఒక కంప్యూటర్ ఇచ్చినా నడుస్తుంది. డేటా నలభై వరసలకి మించదు, మామూలు కంప్యూటర్ చాలు. మెనూలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి, తెలుగు మీడియం పిల్లలకి కష్టం అంటారు. ఆ పిల్లలే ఫోన్లో రీల్స్‌కి ఎడిటింగ్ ఏ మెనూలో ఉందో నాకు నేర్పుతారు.

ఇప్పుడు కొత్తగా వచ్చింది, ఏఐని అడిగితే చేసిపెడుతుంది కదా సార్ అని. చేస్తుంది. షాపువాడు కూడా చేసేవాడు. వచ్చిన పట్టికలో 58 ఎక్కడిదో, అయిదు వాక్యాలు తిరగేశారో లేదో చూసుకోగలిగినవాడికి ఏఐ పనికొస్తుంది, చూసుకోలేనివాడికి ఇంకా వేగంగా తప్పు చేసిపెడుతుంది. పైగా తోటి విద్యార్థులు నమ్మి ఇచ్చిన జవాబుల్ని ఎక్కడికో అప్‌లోడ్ చేస్తున్నామన్న స్పృహ ఎంతమందికి ఉంది?

చదువుకున్నవాళ్లకి ఇవన్నీ తెలుసులే అనుకోకండి. 1985 నుంచి 2013 వరకు ఎనిమిది పెద్ద సైకాలజీ పత్రికల్లో వచ్చిన పేపర్లని స్టాట్‌చెక్ అనే ప్రోగ్రామ్‌తో పరీక్షిస్తే, సగం పేపర్లలో కనీసం ఒక పీ-వాల్యూ పక్కనున్న అంకెలతో పొంతన కుదరలేదు. ఎనిమిదింట ఒక దాంట్లో ముగింపే తారుమారయ్యేంత తేడా. అది ప్రొఫెసర్ల పరిస్థితి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ప్రపంచం గర్వించే గణాంకవేత్త అయిన సి.ఆర్. రావు గారికి 2023లో, నూట రెండేళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వస్తే మనవాళ్లంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఆ ఏడాది మా క్లాసులో ఎస్‌డీ కట్టడం వచ్చినవాళ్లున్నారు, అదెందుకో తెలిసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్ల వాళ్లు, యూనివర్సిటీల బోర్డ్ ఆఫ్ స్టడీస్ వాళ్లు మీ పేపర్ చదువుతారు కాబట్టి అడుగుతున్నాను. సిలబస్ మొత్తం మార్చమనడం లేదు. మొదటి ఏడాది సైకాలజీ ప్రాక్టికల్ పరీక్షలో రికార్డుకిచ్చే మార్కుల్లో సగం తీసి ఒక చిన్న డేటా ఫైలుకి పెట్టండి. జమోవిలో డేటా, ఏ టిక్కులు పెట్టారు, ఫలితం, మూడూ ఒకే ఫైల్లో సేవ్ అవుతాయి. ఎగ్జామినర్ ఆ ఫైలు తెరిచి, ఏదో ఒక అంకె మీద వేలు పెట్టి, ఇదెక్కడిది అని అడిగితే చాలు, నకలు రికార్డు అక్కడే దొరికిపోతుంది. సాఫ్ట్‌వేర్ పేరు సిలబస్‌లో రాయక్కర్లేదు, 'ఉచితంగా దొరికే ఏదైనా' అని రాయండి, రేపు ఇంకా మంచిది వస్తే అదే వాడుకుంటారు. లెక్చరర్లకి రెండు రోజుల ట్రైనింగ్ పెట్టండి, సెలవుల్లో అయినా వస్తాం, మాలో చాలామంది దీన్ని నేర్చుకోకుండానే ఉద్యోగాల్లో చేరాం కాబట్టి ఆ పేరుతో తిట్టకుండా నేర్పండి. ప్రశ్నపత్రంలో షార్ట్‌కట్ పద్ధతి స్థానంలో ఒక అచ్చయిన ఫలితాల పట్టిక ఇచ్చి, ఎంతమందిని పరీక్షించారు, తేడా ఎంత, ఏది చెప్పకూడదు అని అడగండి. వచ్చే విద్యాసంవత్సరం సిలబస్ మీటింగులకి ఇంకా టైముంది.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ సైకాలజీ లెక్చరర్,
కాకినాడ

తా.క. అట్ట ముక్కల ప్రయోగం చేసేవాళ్లు గుర్తుల్ని మందపాటి అట్ట మీదే గీయండి. పల్చటి కాగితమైతే వెలుతురుకి వెనక నుంచి కనిపిస్తుంది, క్లాసులో సగం మందికి శక్తులొచ్చేస్తాయి.